బ్రౌన్ దొర తీసిన బ్యాకప్

ముందే ఒక మాట చెప్పేస్తాను ఫ్రెండ్స్. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ స్పీడు రాదు, ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. క్లబ్ వాళ్లు ఈసారి ఎవరైనా మహనీయుడి జీవితం గురించి రాయమన్నారు. అందరూ రాసే పేర్లు కాకుండా మా కడప మనిషి గురించి రాద్దామనుకున్నా. ఆయన కడపలో పుట్టలేదు, కడపలో పోలేదు, అసలు తెలుగువాడే కాదు. అయినా మా వైపు ఆయన్ని మా వాడిగానే లెక్కేస్తాం. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. సి.పి. బ్రౌన్ అంటే మీకందరికీ తెలుసు.

ఆయన గురించి రాయాలన్న ఆలోచన నాకు ఒక గేమ్ సేవ్ ఫైల్ పోవడం వల్ల వచ్చింది. నవ్వకండి, చెప్తాను.

మాది రాయచోటి. మా ఊళ్లో ప్రతి వీధిలోనూ కువైట్‌లో ఎవరో ఒకరు ఉంటారు. మా చిన్నమామ కూడా అక్కడ కొన్నేళ్లు పని చేశాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు లీవుకొచ్చి, తన పాత పీఎస్‌పీ నా చేతిలో పెట్టాడు. అందులో ఒక ఫుట్‌బాల్ గేమ్ ఉంది. మామ దాంట్లో సొంత టీమ్ చేసుకున్నాడు. టీమ్ పేరు రాయచోటి. పదకొండు మంది ప్లేయర్ల పేర్లు తీసేసి, తన రూమ్‌లో ఉండే వాళ్ల పేర్లు, పక్క రూమ్ వాళ్ల పేర్లు టైప్ చేసి పెట్టాడు. డ్యూటీ దిగి వచ్చినాక రాత్రిపూట రెండేళ్లు ఆడిన సేవ్ అది.

నేను దాన్ని ఒక్క సెకన్లో పోగొట్టా. గేమ్ సేవ్ అవుతుంటే ఆరెంజ్ లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. ఆ టైమ్‌లో కార్డు తీయకూడదు. నేను పాటలు ఎక్కించుకోవాలన్న తొందరలో కార్డు పీకేశా. మళ్లీ పెట్టి చూస్తే ఆ సేవ్ దగ్గర కరప్టెడ్ డేటా అని వచ్చింది. తప్పు మిషన్‌ది కాదు, కార్డుది కాదు, నాదే. భయపడి మామకు చెప్పలేదు. అట్లా ఎనిమిదేళ్లు చెప్పలేదు.

అది పక్కన పెట్టి ఇప్పుడు బ్రౌన్ దగ్గరికి వస్తా.

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మత బోధకుడు, బాగా చదువుకున్నవాడు. పిల్లలకు చిన్నప్పటి నుంచే రకరకాల భాషలు నేర్పించాడు. 1812లో ఆయన చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కాలేజీలో చేరాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాలకు కుర్రాళ్లను తయారుచేసే కాలేజీ అది. ఇప్పటి మన క్యాంపస్ ట్రైనింగ్ లాంటిదే అనుకోండి. అక్కడి నుంచి 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిది. అంటే నాకంటే ఒక ఏడాది చిన్న.

అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820లో తెలుగు పరీక్ష పాసయ్యాక ఆయనకు మొదటి పోస్టింగ్ వచ్చింది. ఎక్కడికంటే, కడపకు. కలెక్టర్ కింద అసిస్టెంట్. సరిగ్గా అదే ఏడాది థామస్ మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. మన్రో అంతకుముందు మన దత్త మండలాల్లో ఏళ్ల తరబడి కలెక్టరుగా తిరిగిన మనిషి. జనం భాష రాకుండా జనం మీద ఉద్యోగం చేయకూడదని గట్టిగా నమ్మినవాడు. కాబట్టి బ్రౌన్‌కు తెలుగు నేర్చుకోవడం మొదట్లో ఒక డ్యూటీ. ప్రేమ తర్వాత వచ్చింది.

1822లో ఆయన్ని మచిలీపట్నానికి మార్చారు. అక్కడ ఉండగా 1824 ప్రాంతంలో వేమన పద్యాల మీద దృష్టి పడింది. ఇక్కడి నుంచే అసలు కథ మొదలైందని నాకనిపిస్తుంది. అప్పట్లో వేమన పద్యాలు జనం నోళ్లలో ఉన్నాయి, లేదా తాటాకుల మీద ఉన్నాయి. ప్రింటు పుస్తకం లేదు. బ్రౌన్ వేమన తాటాకు ప్రతుల కోసం మనుషుల్ని పంపి, దొరికినవన్నీ తెప్పించాడు. తీరా చూస్తే ఏ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. ఒక దాంట్లో ఉన్న పద్యం ఇంకో దాంట్లో లేదు. ఉన్న పద్యంలోనూ మాటలు వేరు. రాసేవాడు ఒక చోట తప్పు రాస్తే, దాన్ని చూసి రాసిన ప్రతి కాపీలోనూ ఆ తప్పు అట్లాగే దిగుతుంది. మనం ల్యాబ్ రికార్డులు ఒకరిది చూసి ఒకరం దించినప్పుడు, మొదటివాడు రాసిన తప్పు రీడింగ్ క్లాసు మొత్తానికి ఎక్కేస్తుంది కదా, అట్లా.

అసలు తాటాకు ఎట్లా పోతుందో కూడా తెలుసుకోవాలి. ఆకును ఎండబెట్టి సాపు చేసి, గంటం అనే ఇనుప ములికితో గీకుతారు. తర్వాత మసి పూస్తే ఆ గీతల్లో నల్లగా నిలిచి అక్షరాలు కనబడతాయి. బాగా చూసుకుంటే వందేళ్లు, రెండొందలేళ్లు ఉంటుంది. చూసుకోకపోతే పురుగులు తొలుస్తాయి, చెమ్మ తగిలితే కుళ్లుతుంది, ఎండకు పెళుసెక్కి తాడు కట్టే చిల్లు దగ్గర విరుగుతుంది. అందుకే పాతకాలంలో కొన్ని తరాలకొకసారి తిరగ రాసేవాళ్లు. తిరగ రాసే మనిషి లేని ఇంట్లో ఆ కావ్యం పని అయిపోయినట్టే. బ్రౌన్ వచ్చేసరికి పండితులను పోషించే రాజులు, సంస్థానాలు చాలావరకు దెబ్బతిన్నాయి. అంటే తిరగ రాయించే వాళ్లు కరువయ్యారు. అటకల మీద కట్టలు కట్టలుగా తాటాకులు ఉన్నాయి గానీ, విప్పి చూసే చేయి లేదు.

బ్రౌన్ 1826లో మళ్లీ కడపకు వచ్చాడు. ఈసారి ఊరి బయట పెద్ద తోటతో ఒక బంగళా కొన్నాడు. అందులో పండితుల్ని, రాయసగాళ్లను పెట్టుకుని, తన జీతంలోంచి వాళ్లకు జీతాలిచ్చి పని చేయించాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే ఆయన అక్కడి పనంతా చూసుకునేవాడు. బ్రౌన్‌కు ఏ ఊరికి ట్రాన్స్‌ఫర్ అయినా కడప బంగళాలో పని మాత్రం నడుస్తూనే ఉండేది.

ఆ పని ఎట్లా జరిగేదో చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. ఒక కావ్యం తీసుకుంటే దానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. అమ్మేవాళ్ల దగ్గర కొనేవాడు, అమ్మని వాళ్ల దగ్గర కాపీ రాయించుకునేవాడు. ముందు ఒక ప్రతిని కాగితం మీద శుభ్రంగా రాయించి, పద్యాలకు నెంబర్లు వేయించేవాడు. తర్వాత పండితులు కూర్చుని మిగిలిన ప్రతులను పద్యం పద్యం పోల్చి, ఎక్కడ ఏ మాట తేడా ఉందో గుర్తు పెట్టేవాళ్లు. ఆ తేడాల్లో ఏది సరైనదో చర్చించి తేల్చేవాళ్లు. మనం రెండు ఫైళ్లను డిఫ్ కొట్టి, కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన చోట ఏ లైను ఉంచాలో చూసి మెర్జ్ చేస్తాం కదా. కంప్యూటర్ పుట్టడానికి వందేళ్ల ముందే మా కడపలో తాటాకుల మీద అదే పని జరిగింది.

1829లో వేమన పద్యాలు 693 ఇంగ్లీష్ అనువాదంతో సహా అచ్చయ్యాయి. ఆయన అక్కడితో ఆగలేదు. ఇంకా ప్రతులు వెతికి, 1839లో 1164 పద్యాలతో మళ్లీ అచ్చు వేయించాడు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గరే, మా ఊరికి మరీ దూరమేం కాదు. చిన్నప్పుడు వేమన పద్యాలు మాకు బుక్కులో నాలుగు మార్కుల ప్రశ్న, అంతే. ఆ పేజీ మన దాకా రావడం వెనక ఇంత తతంగం ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇదంతా సాఫీగా జరగలేదు. బ్రౌన్ ఉద్యోగంలో పైవాళ్లతో పేచీలు పడేవాడు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో భయంకరమైన కరువొచ్చింది. దాన్నే డొక్కల కరువు అంటారు. ఆయన అప్పుడు ఆ వైపే ఉద్యోగంలో ఉన్నాడు. పైవాళ్లు కాగితాల మీద కొరత అని మెత్తగా రాయాలనుకునే చోట ఈయన కరువును కరువనే రాశాడు. 1834లో ఉద్యోగమే పోయింది. తర్వాత ఇంగ్లండ్ వెళ్లాడు.

ఉద్యోగం పోయిన మనిషి అక్కడ ఏం చేశాడంటే, మళ్లీ తెలుగు తాటాకులే. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ లైబ్రరీలో, ఎప్పుడో దొరలు సేకరించి పంపిన దక్షిణ భారత భాషల గ్రంథాలు మూలన పడి ఉన్నాయి. అక్కడ వాటిని చదవగలిగిన వాళ్లు లేరు. లైబ్రేరియన్ విల్సన్‌తో కలిసి వాటి లిస్టు తయారుచేసి, రెండు వేలకు పైగా గ్రంథాలను తిరిగి మద్రాసుకు పంపించేలా చూశాడు. సర్వర్ ఎక్కడో ఉండి, యూజర్లు ఇంకెక్కడో ఉంటే ఏం లాభం. ఆయన డేటాను యూజర్ల దగ్గరికి తెచ్చాడు.

1830ల చివర్లో తిరిగొచ్చి కంపెనీలో అనువాదకుడిగా చేరాడు. తర్వాత మద్రాసులో పోస్టల్ శాఖ పెద్దగా కూడా చేశాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు ఆయనతో ఏళ్ల తరబడి పని చేశారు. మనుచరిత్ర, వసుచరిత్ర లాంటి కావ్యాలు వ్యాఖ్యలతో సహా అచ్చయ్యాయి. 1840లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీష్‌లో రాశాడు. 1852లో తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు వచ్చింది. వెంటనే ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు. 1854లో మిశ్ర భాషా నిఘంటువు, అంటే తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, ఇంగ్లీష్ లాంటి పరభాషా పదాలకు ప్రత్యేకంగా ఇంకోటి. కచేరి, జమీను, దరఖాస్తు లాంటి మాటలు లేకుండా మన ఆఫీసులు నడవవు కదా. పండితులు వాటిని తెలుగు కాదని పక్కన పెట్టినా, జనం వాడుతున్నారు కాబట్టి బ్రౌన్ పక్కన పెట్టలేదు.

ఈ నిఘంటువు దగ్గర నేను కాసేపు ఆగాలి. పీఎస్‌పీలో ఒక్కో సేవ్‌కు ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక బొమ్మ ఫైలు, పేరూ వివరాలుండే ఒక ఫైలు, అసలు డేటా ఫైలు. ఆ డేటా ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. దాన్ని ఎట్లా చదవాలో ఆ గేమ్‌కు మాత్రమే తెలుసు. ఫైలు భద్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, చదివేది కూడా ఉండాలి. బ్రౌన్ తాటాకులను కాపాడి ఊరుకుని ఉంటే సగం పనే అయ్యేది. నిఘంటువు, వ్యాకరణం కూడా చేసిపెట్టాడు కాబట్టి, తర్వాత వచ్చే పరాయి మనిషి కూడా ఆ ఫైళ్లు తెరవగలడు.

ఆ పరాయి మనిషి ఎవరో కాదు, నేనే. వసుచరిత్ర ఇంట్లో ఉన్నా నాకు అర్థం కాదు. మా జేజికి చదువు రాదు గానీ ఆమె మాట్లాడే మాటల్లో సగం నాకు తెలియవు. బ్రౌన్ నిఘంటువు ఇప్పుడు చికాగో యూనివర్సిటీ సైట్‌లో ఉంది, ఆంధ్రభారతిలో ఉంది, ఫ్రీగా వెతుక్కోవచ్చు. జేజి మాట ఒకటి అర్థం కాక, ఒక ఇంగ్లీషాయన రాసిన పుస్తకంలో వెతికి, ఇంగ్లీష్‌లో అర్థం చదువుకున్న రోజు నాకు సిగ్గేసింది. ఆయనకు తెలుగు పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చింది. నాకు పుట్టగానే వచ్చి, పద్దెనిమిదేళ్లకు పోతోంది.

బ్రౌన్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన మన మీద పెత్తనం చేసిన కంపెనీ ఉద్యోగి. కొత్తగా వచ్చే దొరలకు తెలుగు నేర్పడం కూడా ఆ పుస్తకాల వెనకున్న అవసరమే. ప్రతులు పోల్చిందీ, అర్థాలు చెప్పిందీ, రాత్రీ పగలూ కాగితాల మీద రాసిందీ మన పండితులూ రాయసగాళ్లే. వాళ్లలో కొందరి పేర్లే మనకు తెలుసు. బంగళాలో కూర్చుని వేల పేజీలు దించిన మిగతా వాళ్ల పేర్లు చాలావరకు పోయాయి. అయితే వాళ్లందరికీ జీతాలిచ్చి, అందుకోసం అప్పులు చేసి, పెళ్లి కూడా చేసుకోకుండా ముప్పై ఏళ్లు దీని వెంట పడింది ఆయన. రెండూ నిజమే.

తన దగ్గరున్న గ్రంథాలను ఆయన ఇంట్లో దాచుకోలేదు. మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవి తర్వాత మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. మెకంజీ, లేడెన్, బ్రౌన్ అనే ముగ్గురి సేకరణలే ఆ లైబ్రరీకి పునాది. 1855లో ఆరోగ్యం దెబ్బతిని లండన్ వెళ్లిపోయాడు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరయ్యాడు. 1884 డిసెంబర్ 12న అక్కడే చనిపోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

కడపలో బంగళా పాడుబడి మొండి గోడలు మిగిలాయి. బంగోరె, ఆరుద్ర లాంటి వాళ్లు బ్రౌన్ గురించి తవ్వి తీసి రాశారు. ఇక జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలు అడిగి, ఆ బంగళా స్థలంలోనే బ్రౌన్ పేరుతో లైబ్రరీ కట్టించారు. ఇప్పుడది యోగి వేమన యూనివర్సిటీ కింద భాషా పరిశోధన కేంద్రం. అంటే బ్రౌన్‌కు కూడా బ్యాకప్ తీసినవాళ్లు ఉన్నారన్నమాట.

పోయిన వేసవి సెలవుల్లో రాయచోటిలో బస్సెక్కి, గువ్వలచెరువు ఘాట్ దాటి, పాలకోవా కొనుక్కుని, కడపలో ఎర్రముక్కపల్లి దగ్గర దిగి ఆ లైబ్రరీ చూసొచ్చా. యాభై కిలోమీటర్ల చిల్లర దూరం. పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి వెళ్లడం. అక్కడ పాత తాటాకులు చూశా. కొన్ని ఆకుల మీద, వరస మధ్యలో రాయకుండా వదిలేసిన చోట్లు ఉంటాయట. ఎదురుగా ఉన్న పాత ఆకు విరిగిపోయి అక్షరాలు కనబడకపోతే, రాసేవాళ్లు ఊహించి పూరించకుండా అంత జాగా ఖాళీగా వదిలేసేవాళ్లట. మంచి ప్రతి దొరికిన రోజు ఎవరైనా నింపుతారని. అది విన్నాక చాలాసేపు అక్కడే నిలబడ్డా.

మన సెక్యూరిటీ సబ్జెక్టులో 3-2-1 రూల్ అని ఉంది. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల మీడియా మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. తాటాకు, కాగితం, అచ్చు. కడప, మద్రాసు, లండన్. బ్రౌన్ ఆ రూల్ వినకుండానే పాటించాడు.

మన పని ఆయనంత కష్టం కాదు. పీఎస్‌పీ ఉన్నవాళ్లు యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు తగిలించండి. పీఎస్‌పీ అనే ఫోల్డర్లో సేవ్‌డేటా అని ఉంటుంది, దాన్ని మొత్తం కాపీ చేసి తేదీ పేరుతో దాచుకోండి. హాస్టల్లో ఫోన్లో పీపీఎస్‌ఎస్‌పీపీ ఆడేవాళ్లకు కూడా అదే పేరు ఫోల్డర్. పాతది తుడిచి దాని మీద రాయకండి, పక్కన ఇంకోటి పెట్టండి. ఒకటి డ్రైవ్‌లో పడేయండి. అప్పుడప్పుడు వెనక్కి ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ అటక మీద తాటాకు కట్టతో సమానం. ఇదంతా రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను చేయలేదు.

కడప నుంచి వచ్చిన రాత్రి మామకు ఫోన్ చేసి నిజం చెప్పేశా. తిడతాడనుకున్నా. తిట్టలేదు. ఆ టీమ్ ఇంకా గుర్తుందా నీకు అని నవ్వాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆ రూమ్ ఖాళీ అయ్యి చాలా ఏళ్లయిందట. కొందరు ఊళ్లకు వచ్చేశారు, కొందరు ఇంకో దేశం పోయారు, ఒకాయన లేడట. పేర్లు చెప్పు మామా, రాసుకుంటా అన్నా. గోల్‌కీపర్ నుంచి మొదలుపెట్టాడు. ఎవరిది ఏ ఊరు, ఎవరు వంట బాగా చేసేవాళ్లు, ఎవరు రాత్రి గురక పెట్టేవాళ్లు, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. తొమ్మిది పేర్లు వచ్చాయి. ఇంకో రెండు ఎంత ఆలోచించినా రాలేదు.

ఆ పేర్లు తెలుగులోనే టైప్ చేశా. ల్యాప్‌టాప్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి. మూడోది కాగితం మీద నా చేత్తో రాసి అమ్మ బీరువాలో పెట్టా. ఒత్తులు ఎక్కడైనా తప్పు పోయి ఉంటే మామ వచ్చినప్పుడు దిద్దుతాడు. పది, పదకొండు నెంబర్లు వేసి, వాటి పక్కన జాగా ఖాళీగా వదిలేశా.